కోడి సూప్‌లో తెల్లపొడి తగాదా: మలుపు చోషీలో ఉంది

ఇంట్లో జపాన్ తరహా కోడి-పుట్టగొడుగుల నూడుల్స్ సూప్ చేసుకునేవారి మధ్య పాత తగాదా మళ్లీ రాజుకుంది. చిటికెడు అజినొమోటో వేస్తే తప్పేమిటని ఒక వర్గం అడుగుతోంది. ఆ పొడి పడ్డాక ఇక వండడానికి ఏం మిగిలిందని రెండో వర్గం ఎదురడుగుతోంది. 1908లో టోక్యో ప్రొఫెసర్ కికునే ఇకెడా సముద్రపు నాచు నుంచి దాని రుచికి మూలమైన గ్లూటమేట్‌ను వేరుచేయడం, మరుసటి ఏడాదే అది అజినొమోటో పేరుతో అమ్మకానికి రావడం ఎన్నోసార్లు విన్న కథే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే అక్కడి నుంచి అర్ధ శతాబ్దం ముందుకు, చిబా ప్రాంతంలోని చోషీ అనే రేవు పట్టణానికి వెళ్లాలి.

1645 నుంచి సోయాసాస్ తయారుచేస్తున్న యమాసా సంస్థ అక్కడే ఉంది. దాని పరిశోధకుడు అకిరా కునినాకా 1950ల్లో ఈస్ట్ కణాల్లో ఉండే ఆర్‌ఎన్‌ఏ అనే పెద్ద అణువును విడగొట్టి, వచ్చిన పదార్థాల రుచిని పరీక్షించే పనిలో పడ్డారు. ఆర్‌ఎన్‌ఏను ఎలా పడితే అలా విరిస్తే రుచి రాదు. ఒక ప్రత్యేకమైన చోట తెంచే ఎంజైము కావాలి. ఆయనకు అది ఒక బూజులో దొరికింది. అలా 1957లో గ్వానిలేట్ అనే పదార్థం రుచి బయటపడింది. తర్వాత అదే పదార్థాన్ని ఎండు షిటాకే పుట్టగొడుగుల్లోనూ గుర్తించారు. దీనికి దగ్గరి బంధువైన ఇనోసినేట్‌ను 1913లోనే ఇకెడా శిష్యుడు షింతారో కొడామా ఎండబెట్టిన బోనిటో చేపలో కనిపెట్టారు.

కునినాకా చూపిన అసలు విషయం ఇంకొకటి ఉంది. గ్లూటమేట్‌కు ఈ రెండింటిలో ఏది తోడైనా రుచి రెండూ కూడినంత కాదు, కొన్ని రెట్లు పెరుగుతుంది. 1960 నాటి ఆ పరిశీలనకు 2008లో వివరణ దొరికింది. నాలుక మీద రుచిని పసిగట్టే గ్రాహకంలో గ్లూటమేట్ కూర్చున్నాక, ఇనోసినేట్ పక్కన చేరి గడియ పెట్టినట్టు దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు సూప్ గిన్నెలోకి చూడండి. కోడిమాంసంలో ఇనోసినేట్ ఉంది, ఎండు షిటాకేలో గ్వానిలేట్ ఉంది, సోయాసాస్‌లోనో కొంబు నాచులోనో గ్లూటమేట్ ఉంది. మట్టిపాత్రలో ఉడికించే నబెయాకి ఉడాన్ అనే లావు గోధుమ నూడుల్స్ సూప్‌లో కోడిముక్క, షిటాకే ఒకచోట చేరడం అలంకారం కోసం కాదు. ఫుకువోకా వైపు కోడి, దుంపలతో ‘చికుజెన్ని’ అనే కూర వండేవారు షిటాకే నానబెట్టిన నీటిని పారబోయకుండా కూరలోనే పోస్తారు. ఆ వంటవాళ్లు ఏ ప్రయోగశాల కోసమూ ఆగలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే షిటాకే అంత సులువుగా దొరికేది కాదు. కొట్టిన దుంగల మీద గొడ్డలితో గాట్లు పెట్టి, గాలిలో కొట్టుకువచ్చే బీజాల కోసం రైతులు ఎదురుచూసేవారు. రాకపోతే పెట్టుబడి మొత్తం పోయేది. 1942లో కిసాకు మోరి, శిలీంధ్రాన్ని పెంచిన చెక్క మేకులను దుంగల్లో దిగగొట్టే పద్ధతి తెచ్చారు. ఆ తర్వాతే సామాన్యుల వంటింటికి ఎండు షిటాకే ధైర్యంగా వచ్చింది.

అది వచ్చిన కొద్దికాలానికే దాని సారం పొడిగానూ వచ్చింది. 1958లో మోమొఫుకు అందో తొలి ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను అమ్మకానికి పెట్టారు. అవి కోడి రుచివి కావడం గమనించాలి. 1960ల మొదట్లో గ్లూటమేట్‌కు న్యూక్లియోటైడ్లు, అంటే ఇనోసినేట్, గ్వానిలేట్ వంటివి, కలిపిన మిశ్రమాలు జపాన్ అంగళ్లకు చేరాయి. చోషీ కనిపెట్టినది ఒకేసారి పొడి వద్దనే గిన్నె పక్షానికి శాస్త్రాన్ని, పొడి వేస్తే తప్పేమిటనే పొడి పక్షానికి సరుకును ఇచ్చింది.

పొడిని భయంగా మార్చింది 1968లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చిన చిన్న లేఖ. చైనీస్ హోటళ్లలో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోందని ఒక వైద్యుడు రాసి, కారణాలను ఊహించారు. అందులో ఈ పొడి ఒకటి. మిగిలిన ఊహలు ఎవరికీ గుర్తులేవు. ‘అజినొమోటో వాడము’ అని మన ఊళ్ల ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద కనిపించే బోర్డులు ఆ లేఖకు మునిమనవలు. పొడి పక్షం చెప్పేదీ ఇదే: పొడిలోని గ్లూటమేటూ టమాటాలోనిదీ ఒకటే, శరీరానికి తేడా తెలియదు. ఈ మాట నిజం. దీన్ని కాదనేందుకు గిన్నె పక్షం ఇంతవరకు చూపిన ఆధారాలు నిలబడేవి కావు.

అయితే గిన్నె పక్షంలో కాస్త ఆలోచించేవారు ఆరోగ్యం ఊసే ఎత్తరు. వాళ్ల వాదన వేడి గురించి. షిటాకేలో గ్వానిలేట్‌ను తయారుచేసే ఎంజైమూ ఉంది, దాన్ని పాడుచేసేదీ ఉంది. వేడినీళ్లలో గబగబా నానబెడితే రెండోదానికి వీలు దొరుకుతుంది. అందుకే నాలుగైదు ఎండు షిటాకేలను లీటరు చల్లటి నీటిలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతారు. తర్వాత సన్నసెగ మీద 60-70 డిగ్రీల మధ్య కాసేపు నిలుపుతారు. గ్వానిలేట్ పుట్టేది అప్పుడే. ఆపైన కోడి తొడ ముక్కలు వేసి, నురుగు తీసి, సోయాసాస్, మిరిన్ అనే తీపి బియ్యపు సారా కలుపుతారు. సూప్ గంజిలా చిక్కబడకుండా ఉడాన్‌ను విడిగా ఉడికిస్తారు. కోడి కొవ్వు, చర్మం నుంచి దిగే జిగురు, షిటాకే వాసన ఏ చిటికెడు పొడిలోనూ రావు. తాజా బటన్ పుట్టగొడుగులతో చేసి ‘రుచి రాలేదు’ అని పొడి డబ్బా అందుకునేవారు రాత్రంతా నానబెట్టే ఈ పనిని దాటేసినవారే.

2015లో మన దేశంలో మ్యాగీ వివాదం రేగినప్పుడు సీసంతో పాటు ఆహార భద్రతా సంస్థ తప్పుపట్టింది పొట్లం మీది ‘ఎంఎస్‌జీ (అజినొమోటో పొడి) కలపలేదు’ అన్న రాతను. గ్లూటమేట్ ముడిసరుకుల్లో సహజంగానే ఉందని కంపెనీ వాదించింది. జూన్‌లో వచ్చిన నిషేధాన్ని ఆగస్టులో బాంబే హైకోర్టు కొట్టేసింది. ఎంఎస్‌జీ వద్దని పొట్లాలు తిరగేసి చదివే ఇళ్లలో కలిపిన పదార్థాన్ని సూచించే 635 అన్న అంకె మాత్రం తరచూ కంటికి ఆనదు. అది గ్వానిలేట్, ఇనోసినేట్‌ల మిశ్రమం.