కరాటేకు ‘చికిత్స’ అని పేరు పెట్టాకే ఈ తగువు

తూర్పు బెంగళూరులో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో, ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ల బాబును సాయంత్రం కరాటే తరగతి మాన్పించి, ఆదివారం నడిపే ‘థెరపీ బ్యాచ్’కు పంపమని మాస్టర్ తల్లిదండ్రులకు ఉత్తరం ఇచ్చారు. ఆ బ్యాచ్ రుసుము మామూలు దానికి దాదాపు మూడింతలు. బాబు అప్పటికే అందరితో కలిసి నేర్చుకుంటూ పసుపు బెల్టు దాకా వచ్చాడు. ఉత్తరం ఫోన్లలో తిరిగేసరికి మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా పాత వాదన మళ్లీ రాజుకుంది. ఈ పిల్లలు అందరితో కలిసి నేర్చుకోవాలా, విడిగానా?

ఆటిజం అంటే ఏమిటో, రోగనిర్ధారణ కోసం కుటుంబాలు ఎన్ని గడపలు ఎక్కుతాయో ఈ నగరంలో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ తగువు మూలం వేరే చోట, 2012లో ఉంది. ఆ ఏడాది ఇరాన్‌లోని ఇస్ఫహాన్ పరిశోధకులు ఒక అధ్యయనం వెలువరించారు. ఆటిజం ఉన్న 30 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వారానికి 4 రోజుల చొప్పున 14 వారాలు కరాటేలోని కాటాలు, అంటే ఎవరికి వారు ఒక నిర్ణీత వరుసలో చేసే కదలికల కూర్పులు, నేర్పారు. చేతులు ఆడించడం, ఊగడం వంటి పదేపదే చేసే కదలికలు ఆ జట్టులో సగటున 42 శాతానికి పైగా తగ్గాయనీ, శిక్షణ ఆపిన నెల తర్వాత కూడా ఆ మార్పు నిలిచే ఉందనీ తేల్చారు. తోటివారితో మెలిగే తీరు కూడా మెరుగుపడిందని అదే బృందం మరుసటి ఏడాది రాసింది.

అది నిజాయతీగా చేసిన, చిన్న అధ్యయనం. 15 మందిలో కనిపించిన మార్పు ప్రతి పిల్లవాడిలోనూ కనిపిస్తుందని అది చెప్పలేదు. మిగతా పిల్లల నుంచి విడదీసి నేర్పితేనే మేలని కూడా చెప్పలేదు, ఎందుకంటే ఆ పోలికే అందులో లేదు. చేతులాడించడం తగ్గితే అది మేలేనా అని ఆటిజం ఉన్న పెద్దవాళ్లు అడుగుతున్న ప్రశ్న ఇంకొకటి, అది వేరే. అయినా శాతం అంకెకు కాళ్లు ఎక్కువ. కరపత్రాల్లో ‘శిక్షణ’ ఉండాల్సిన చోట ‘థెరపీ’ వచ్చి చేరింది. నా దృష్టిలో మలుపు ఇదే. అంతవరకు మాస్టర్ ముందున్న ప్రశ్న ‘ఈ బాబుకు ఎలా నేర్పాలి’ అన్నది. ఆ తర్వాత ‘ఈ బాబును ఏ బ్యాచ్‌లో వేయాలి’ అన్నదిగా మారింది.

తెల్ల బెల్టు పిల్లలు మొదట నేర్చే హేయాన్ కాటాల పుట్టుక చూస్తే ఈ విడదీత మరీ బాధ కలిగిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో జపాన్‌లోని ఒకినావాలో ఇటోసు అన్కో అనే గురువు కరాటేను బడుల్లోకి తెచ్చి, పిల్లలందరికీ కలిపి నేర్పడానికి వీలుగా పినాన్ కాటాలు కూర్చారు. తర్వాత మరో కరాటే గురువు ఫునకోషి గిచిన్ వాటికే హేయాన్ అని పేరు మార్చారు. అడుగులు ఎప్పుడూ అదే వరుసలో వస్తాయి, మొదలూ చివరా నమస్కారం ఉంటుంది. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే స్థిమితపడే పిల్లవాడికి ఇంతకన్నా అనువైన ఆట తక్కువ. బెంగళూరులో ఇంకో సౌలభ్యం కూడా ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లిష్ అంటూ మూడు భాషల మధ్య నలిగే పిల్లవాడు ఇచి, ని, సాన్ (ఒకటి, రెండు, మూడు) అన్న జపనీస్ లెక్క దగ్గర మిగతా అందరితో సమానం. అది ఎవరి ఇంటి భాషా కాదు. బాబు తల్లి ముఖ్యంగా చెబుతున్నదీ అదే. వాడు పక్కవాళ్లను చూసి నేర్చుకుంటాడు, ఆదివారం బ్యాచ్‌లో చూడటానికి ఆ పక్కవాళ్లే ఉండరు.

మాస్టర్ వైపు మాటా ఉంది. పాతికమందిని ఒక్కరే చూసుకోవాలి, జతలుగా చేసే కుమితేలో దెబ్బ తగిలితే జవాబు చెప్పాల్సింది ఆయనే, కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ఇవి కొట్టిపారేయదగిన ఇబ్బందులు కావు. కానీ కాటాలో ఎవరినీ తాకే పని లేదు. కుమితేకు సహాయకుణ్ని పెట్టుకోవచ్చు. అందరూ ఒక్కసారి ‘కియాయ్’ అని అరిచినప్పుడు బెదిరే పిల్లవాడికి చెవులకు మఫ్స్ ఇవ్వవచ్చు, అడుగుల వరుసను బొమ్మల్లో గోడకు అంటించవచ్చు. వీటిలో ఏ ఒక్కటీ మూడింతల రుసుము అడిగేంత ఖర్చు కాదు.

ఇక చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరినా, దివ్యాంగుల హక్కుల చట్టంలోకి రావడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. 21 వైకల్యాలను గుర్తించిన ఆ చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ సాయం లేదా గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు ఆటల్లో కూడా సమాన అవకాశం ఇవ్వాలని 16వ సెక్షన్ చెబుతుంది. అపార్ట్‌మెంట్ తరగతికి అది నేరుగా వర్తించకపోవచ్చు. కానీ వివక్షను నిషేధించే 3వ సెక్షన్ బడి గోడల దగ్గర ఆగదు. న్యాయమైన లక్ష్యం కోసం, దానికి తగిన మోతాదులోనే అలా చేశామని చూపితే తప్ప, వైకల్యం కారణంగా ఎవరినీ వేరుగా చూడకూడదన్నది అందులోని నియమం. పునరావాస చికిత్స చేసేవారిని నమోదు చేయడానికి 1992 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. అది గుర్తించిన వృత్తుల్లో కరాటే శిక్షణ లేదు. కాబట్టి ‘థెరపీ’ పేరుతో అదనపు రుసుము దేనికన్న ప్రశ్నకు మాస్టరే జవాబు చెప్పాలి.

ఉత్తరంలో ‘భద్రత’ అన్న మాట ఉంది. ఏ రోజు ఎవరికి ఏం జరిగిందో లేదు. తప్పించే ముందు తరగతిలో ఏ మార్పు చేసి చూశారో కూడా లేదు. ఈ రెండింటికీ రాతపూర్వక సమాధానం కావాలని తల్లిదండ్రులు నివాసుల సంఘాన్ని కోరారు. రాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ దగ్గరకు వెళతామంటున్నారు. సాక్షులను పిలిపించడంలో, పత్రాలు తెప్పించడంలో ఆ కమిషనర్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలే ఉన్నాయి.