ఐస్ హౌస్‌లో చదువుకున్న పిల్లలు

చెన్నై మెరీనా రోడ్డు మీద గుండ్రంగా కనబడే పాత భవనాన్ని ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అంటున్నారు. పాతవాళ్లకు మాత్రం అది ఐస్ హౌసే. అమెరికా నుంచి ఓడల్లో వచ్చే మంచుగడ్డలు దాచడానికి 1842లో కట్టారు. మంచు వ్యాపారం మూతపడ్డాక అది చేతులు మారి మారి, చివరికి చిన్న వయసులోనే భర్త పోయిన ఆడపిల్లలకు హాస్టల్ అయింది. దాన్ని నడిపినావిడ ఆర్.ఎస్. సుబ్బలక్ష్మి. (పాటల ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేరు.)

ఆమె 1886లో పుట్టారు. పదకొండేళ్ల ప్రాయంలో పెళ్లయింది, కొద్దికాలానికే భర్త పోయాడు. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యర్ కూతుర్ని మూల కూర్చోబెట్టకుండా చదివించారు. 1911లో ఆమె ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి పట్టా తీసుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో డిగ్రీ చేసిన మొదటి హిందూ వితంతువు ఆమేనని చెబుతారు.

అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1881లో, వీరేశలింగం రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి ఎంత గొడవ పడ్డారో మనకు తెలిసిందే. సుబ్బలక్ష్మి వితంతువులకు పెళ్లిళ్లు చేసే జోలికి పోలేదు. ఆడపిల్లల బళ్లకు పంతులమ్మలు దొరకడం లేదు. మగ పంతులు చెబుతాడంటే పిల్లల్ని పంపని ఇళ్లు బోలెడు. ఇంకోవైపు, పుట్టింట్లో వంటింటికే పరిమితమైన వితంతువులు. వీళ్లే ఆ పంతులమ్మలు ఎందుకు కాకూడదు? ఆమె లెక్క అది. ఆడపిల్లల బళ్ల ఇన్‌స్పెక్ట్రెస్ క్రిస్టీనా లించ్ అండతో 1912లో కొద్దిమంది పిల్లలతో హాస్టల్ మొదలైంది. తర్వాత ఐస్ హౌస్‌కు మారింది. 1922లో పంతులమ్మలను తయారుచేసే లేడీ విల్లింగ్డన్ ట్రైనింగ్ కాలేజీ వచ్చింది, తొలి ప్రిన్సిపాల్ ఆమే.

ఒక లోటు చెప్పి తీరాలి. మొదట్లో ఆ హాస్టల్ బ్రాహ్మణ వితంతువులకే. కులం గీత దాటితే తల్లిదండ్రులు పిల్లల్ని వెనక్కి తీసుకుపోతారన్న భయం అందులో ఉంది, నిజమే. కానీ గీత గీతే. మత్స్యకారుల పేట (అక్కడ కుప్పం అంటారు)లోని పిల్లలకు బడి పెట్టింది కూడా ఆవిడే అన్నది దాని పక్కనే చెప్పుకోవాల్సిన మాట.

ఉద్యోగం ముగిశాక, 1952లో మద్రాసు శాసనమండలికి నామినేట్ అయ్యారు. 1956 దాకా సభ్యురాలిగా ఉన్నారు. ఆమె సభలో అడుగుపెట్టేనాటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. 1953 అక్టోబర్ 1న విడిపోయాం.