బ్రవూరా: రౌడీల మాట రంగస్థలం ఎక్కింది

బ్రవూరా అంటే చూసేవాళ్లు ఊపిరి బిగబట్టేలా చేసే ప్రదర్శన. నేర్పు ఒక్కటే చాలదు, తప్పితే పరువు పోయే పనికి తెగించాలి. ఇది ఇటాలియన్ మాట. కచేరీల్లో చప్పట్ల మధ్య వినిపించే ‘బ్రావో’లోంచి పుట్టింది.

ఈ బ్రావో మొదట్లో అంత మర్యాదస్తుడు కాదు. పాత అర్థం మొరటు, మచ్చిక కానిది. స్పెయిన్‌లో పోట్ల ఎద్దును ఇప్పటికీ ‘తోరో బ్రావో’ అనే అంటారు. లాటిన్‌లో అనాగరికుడనే అర్థమున్న ‘బార్బరస్’ దీనికి మూలమని కొందరు, వంకర అనే అర్థమున్న ‘ప్రావస్’ అని ఇంకొందరు. ఆ తగవు తేలలేదు. 16వ శతాబ్దం నాటి ఉత్తర ఇటలీలో దొరలు పోషించే కిరాయి రౌడీలను ‘బ్రావీ’ అనేవారు. వాళ్లను అణచడానికి మిలాన్ గవర్నర్ 1583లో శాసనం చేశాడు. తర్వాతి గవర్నర్లూ మళ్లీ మళ్లీ చేశారంటే, అవి ఏపాటి పనిచేశాయో తెలుస్తూనే ఉంది.

మన సాహసం కథా ఇంతే. ధర్మశాస్త్రాల్లో సాహసమంటే బలప్రయోగంతో చేసే నేరం. మనుస్మృతి లెక్కలో ‘ప్రథమ సాహసం’ 250 పణాల (ఆనాటి నాణేల) జరిమానా, ‘ఉత్తమ సాహసం’ 1000. ఇప్పుడు అదే సాహసానికి పతకాలిస్తున్నాం.

ఇటలీలో తెగింపుకి నేర్పు తోడయ్యాక మాట ఒపేరాలోకి, అంటే పాటలతో నడిచే నాటకంలోకి వచ్చింది. గాయకుడు తన గొంతు సత్తా అంతా చూపించే పాట ‘ఆరియా ది బ్రవూరా’. 1722లో రోమ్‌లో ఫారినెల్లి అనే 17 ఏళ్ల కుర్రాడు ట్రంపెట్ వాద్యకారుడితో రాత్రికో పోటీ పడ్డాడట. ఒక రాత్రి ఇద్దరూ స్వరం పట్టి లాగారు, లాగారు. ట్రంపెటర్ ఊపిరి అయిపోయి, సరిసమానం అనుకుని ఆపేశాడు. కుర్రాడు నవ్వుతూ అదే ఊపిరితో ఇంకా గమకాలు పోయాడు! సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ రాసిన ముచ్చట ఇది. రాగాలాపనకి వన్స్‌మోర్ కొట్టిన పద్యనాటక ప్రేక్షకులకు ఆ హాలు ఎలా ఊగిపోయి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అక్కడే చిక్కూ వచ్చింది. పాట కథ కోసమా, గాయకుడి గొప్ప కోసమా? గాయకుల ఆడంబరం ఒపేరాను పాడుచేసిందని స్వరకర్త గ్లక్ 1769లో తన ‘ఆల్సెస్టె’ ఒపేరా ముందుమాటలో విసుక్కున్నాడు. ఆ విసుగు మాటకీ అంటుకుంది. బ్రవూరా అన్న మెచ్చుకోలులో ‘వట్టి హంగామా’ అనే ఎత్తిపొడుపు ఇప్పటికీ ఒక్కోసారి తొంగిచూస్తుంది.

మోజార్ట్ మాత్రం ఆ హంగామాతోనే కథ నడిపించాడు. 1791లో వియన్నాలో మొదటిసారి ఆడిన ‘మ్యాజిక్ ఫ్లూట్’ ఒపేరాలో ‘రాత్రి రాణి’ అనే పాత్ర తన కూతురి చేతికి కత్తి ఇచ్చి, వెళ్లి తన శత్రువును చంపమంటుంది. రాణి కోపమంతా మామూలు గొంతు అందుకోలేనంత పై స్వరాల్లోనే ఉంటుంది.