‘కాల్చిపారేస్తే పీడ పోతుంది’: పోలీసు కాల్పులపై అపోహలు, వాస్తవాలు

మా కర్నూలు వైపు ఏ ఘోరం జరిగినా సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట, ‘ఎన్‌కౌంటర్ చేసేయండి సార్’ అని. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల సర్కిళ్లలో ఫ్యాక్షన్ గొడవలప్పుడు పోలీసుగా డ్యూటీ చేసి రిటైరైనవాణ్ని. ఆ మాట అనేవాళ్లకు తుపాకీ వెనకాల ఏముంటుందో తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: తుపాకీ ఇచ్చారంటే నేరస్థుణ్ని కాల్చే అధికారం ఇచ్చినట్టే.

అలాంటి అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. అరెస్టు చేయబోతే తిరగబడినవాడిపై అవసరమైనంత బలం వాడొచ్చని, అరెస్టులు, దర్యాప్తులు ఎలా జరగాలో చెప్పే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ చెబుతుంది. 2024 జులైకి ముందు ఇదే పాత చట్టం సీఆర్‌పీసీలో 46వ సెక్షన్. అదే సెక్షన్‌లో ఒక అడ్డుకట్ట కూడా ఉంది, మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే పట్టుకునే పేరుతో ప్రాణం తీసే హక్కు లేదు. అంటే గొలుసు దొంగ పారిపోతుంటే వెనక నుంచి కాల్చడానికి వీల్లేదు. ఇక ఆత్మరక్షణ హక్కంటారా, ఎస్సైకి ఎంతుందో మీకూ అంతే ఉంది. వేటకొడవలి మెడ మీదికి వస్తుంటే కాల్చొచ్చు, కొడవలి కింద పడేసి చేతులెత్తాక కాలిస్తే మాత్రం హత్యే. ఎంత పేరుమోసిన నేరస్థుడైనా చంపడం పోలీసు పని కాదని, పట్టుకుని కోర్టుకు అప్పగించాలని సుప్రీంకోర్టు 2012లో ఓంప్రకాశ్ కేసులో స్పష్టంగా చెప్పింది.

అపోహ: కాలికి కాలిస్తే సరిపోతుంది కదా, లేదా గాల్లోకి.

గుంపును చెదరగొట్టేటప్పుడు కిందికి గురిపెట్టమనే నేర్పుతారు, నిజమే. కానీ పరిగెత్తే కాలికి గురి కుదరదు, కుదిరి తొడలో పెద్ద రక్తనాళం తెగిందంటే నిమిషాల్లో ప్రాణం పోతుంది. గాల్లోకి కాల్చిన గుండు ఎక్కడో ఒకచోట పడాల్సిందే, వేసవిలో జనం మిద్దెల మీద పడుకునే ఊళ్లు మనవి.

అపోహ: మనిషి పోయాడు, కేసు మూసేస్తారు.

అసలు కేసు అప్పుడే మొదలవుతుంది. 2014 సెప్టెంబరు 23న పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు పెట్టింది. ఎఫ్ఐఆర్ కట్టాలి. దర్యాప్తు కాల్పులు జరిపిన టీమ్ చేతిలో ఉండకూడదు, సీఐడీయో వేరే స్టేషన్‌వాళ్లో చేయాలి. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. కాల్చినవాళ్లు ఆయుధాలు అప్పగించాలి. స్టేషన్‌లో బయల్దేరేటప్పుడు ఎన్ని రౌండ్లు (తూటాలు) తీసుకున్నాడో రిజిస్టర్‌లో ఉంటుంది, తిరిగొచ్చాక మిగిలినవి లెక్కపెడతారు, తేడా ఎంతో అన్ని ఎంప్టీలు, అంటే పేలిన తూటాల ఖాళీ గొట్టాలు, ఆ చోట దొరకాలి. ఒక్క ఎంప్టీ కోసం టార్చిలైట్లతో కంపచెట్ల కింద మోకాళ్ల మీద పాకుతూ వెతుకుతారు. దొరికిన ప్రతిదాని చుట్టూ సున్నంతో గీత గీసి, ఫొటో తీసి, గుడ్డలో కట్టి, లక్కముద్ర వేసి ల్యాబ్‌కు పంపుతారు. ఇదంతా సరిగ్గా జరిగితేనే నిజాయితీగా కాల్చిన కానిస్టేబుల్‌కు రక్ష. తప్పు చేసినవాణ్ని పట్టించేదీ అదే.

అపోహ: జనం చప్పట్లు కొట్టారు కాబట్టి న్యాయం జరిగింది.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోతే పోలీసుల మీద పూలు చల్లారు. ఆ ఆడపిల్లకు జరిగింది తలుచుకుంటే నాకూ రక్తం ఉడుకుతుంది. కానీ ఆ కాల్పులపై సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ విచారణ కమిషన్ ఏం తేల్చింది? చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. 2022 మేలో ఆ నివేదిక బయటికొచ్చింది. పూలు చల్లినవాళ్లెవరూ ఆ పదిమంది తరఫున కోర్టు మెట్లెక్కరు, లాయరు ఫీజులు కట్టరు.

మన శేషాచలంలో 2015 ఏప్రిల్ 7న తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు కాల్పుల్లో పోయారు. ఇటు ‘ఎర్రచందనం దొంగలు పోయారు’ అన్నారు, అటు తమిళనాడులో మన ఆర్టీసీ బస్సుల మీద రాళ్లేశారు. రెండుచోట్లా జనం దర్యాప్తు మొదలుకాకముందే తీర్పు ఇచ్చేశారు.

పోలీసు కాలిస్తే అంతా బూటకమేననేవాళ్లకూ అదే చెబుతాను. నాటుబాంబులు పడే వీధిలో నిలబడి కాల్చక తప్పని రాత్రులు మాకూ ఉన్నాయి. ఏది నిజమో ఏది బూటకమో తేల్చాల్సింది మేజిస్టీరియల్ విచారణ, అంటే పోలీసులు కాకుండా మేజిస్ట్రేట్ చేసే విచారణ. సాధారణంగా దానికి పేపర్లో ప్రకటన వేస్తారు, తెలిసినవాళ్లు ఫలానా తేదీన వచ్చి చెప్పవచ్చని. మీ ఫోన్‌లో వీడియో ఉంటే గ్రూపుల్లో తిప్పకండి, కట్ చేయకండి, ఒరిజినల్ ఫోన్‌తో సహా వెళ్లి ఆ అధికారి ముందు వాంగ్మూలం ఇవ్వండి.