ఒక ఇంటి గుట్టుగా ఉన్న చదువు

ప్రియమైన పిల్లలూ,

మీ తరగతిలో కొత్తగా చేరిన బధిర బాలుడికి పాఠం చెప్పే టీచరుకు ఆ విద్య ఎవరు నేర్పారని అడిగారు. నేను ఆ పనిలోనే తల నెరిసినదాన్ని. నన్నడిగితే చిన్న జవాబు రాదు, ఓపిగ్గా చదవండి.

1760లో ఎడింబరో నగరంలో థామస్ బ్రైడ్‌వుడ్ అనే ఆయన దగ్గరికి ఒక బధిర పిల్లవాడు చదువుకు వచ్చాడు. బ్రిటన్‌లో బధిరుల బడి అలా మొదలైంది. 1773లో నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ ఆ బడి చూడటానికి వెళ్ళాడు. ఒక అమ్మాయి పలక మీద మూడంకెల సంఖ్యను రెండంకెల సంఖ్యతో గుణించమని రాశాడు. ఆమె వేళ్ళు చకచకా ఆడిస్తూ రెండు వరుసలూ తప్పు లేకుండా వేసింది. కూడటం మాత్రం మానేసింది. ఇంత సులువైనది నేను చెయ్యాలా అనుకుని ఉంటుందని జాన్సన్ రాసుకున్నాడు. ఆ వేళ్ళ కదలిక ముచ్చటగా ఉందనీ, అది విద్యో ఆటో తనకు తెలియలేదనీ కూడా రాశాడు. ఈ మాట గుర్తుంచుకోండి.

బడి బాగానే నడిచింది కానీ, పాఠం చెప్పే పద్ధతిని బ్రైడ్‌వుడ్ కుటుంబం బయటికి పొక్కనివ్వలేదు. 1815లో అమెరికా నుంచి థామస్ గాలొడెట్ అనే యువకుడు ఆ విద్య నేర్చుకుందామని సముద్రం దాటి వచ్చాడు. లండన్‌లోని బధిరుల బడివాళ్ళు మూడేళ్ళు తమ దగ్గర సహాయకుడిగా పనిచెయ్యమన్నారు. ఎడింబరోలోని ఉపాధ్యాయుడికి నేర్పాలనే ఉంది, కానీ ఏడేళ్ళదాకా ఎవరికీ చెప్పనని ఆయన ఆ కుటుంబానికి అప్పటికే మాటిచ్చేశాడు. అక్కడ ఒక దేశం పిల్లలు చదువు కోసం ఎదురుచూస్తుంటే ఇక్కడ ఒక ఇంటి గుట్టు అడ్డం పడింది. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నాకు బాధే.

గాలొడెట్ పారిస్ వెళ్ళాడు. అక్కడి బడి ఎవరొచ్చినా తలుపు తీసేది. లోరాన్ క్లెర్క్ అనే బధిర ఉపాధ్యాయుణ్ణి వెంటబెట్టుకుని అమెరికా ఓడ ఎక్కాడు. 52 రోజుల ప్రయాణంలో క్లెర్క్ ఆయనకు సైగల భాష నేర్పాడు, ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్నాడు. 1817లో ఇద్దరూ కలిసి హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు. 1847లో ఆ బడి నుంచే బధిరుల చదువు గురించిన పత్రిక ఒకటి మొదలైంది. 1850లో అమెరికా ఉపాధ్యాయులు న్యూయార్క్‌లో తొలిసారి సభగా కూడారు. ఒకరికి తెలిసింది పదిమందికీ చెప్పుకోవడానికే ఆ పత్రికా, ఆ సభా.

బ్రిటన్‌లో ఉపాధ్యాయుల సంఘం ఆలస్యంగా, 1885లో ఏర్పడింది. పరీక్ష పెట్టి, నెగ్గినవారికి యోగ్యతాపత్రం ఇవ్వడం దాని పని. దాని పేరులో ‘చెవిటి, మూగ’ అనే రెండు మాటలూ ఉండేవి. వినపడని పిల్లల్లో చాలామందికి గొంతులో లోపమేమీ ఉండదు. మాట చెవిన పడదు కాబట్టి పలకడం దానంతటది రాదు, అంతే. 1893లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 7 నుంచి 16 ఏళ్ళ బధిర పిల్లలు బడికి వెళ్ళి తీరాలని చట్టం వచ్చింది. 1895లో ఇంకో సంఘం పుట్టింది. 1918లో రెండూ ఒకటయ్యాయి, కొత్త పేరులో ‘మూగ’ లేదు. 1976లో మరో కలయికతో ఇప్పటి ‘బ్రిటిష్ అసోసియేషన్ ఆఫ్ టీచర్స్ ఆఫ్ ద డెఫ్’ వచ్చింది.

ఉపాధ్యాయులు కూడిన ప్రతిచోటా మంచే జరిగిందని చెప్పలేను. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో అంతర్జాతీయ సభ జరిగింది. వచ్చిన 164 మందిలో బధిరుడు ఒక్కరే. సైగలు వద్దు, నోటిమాటతోనే బోధించాలని ఆ సభ తీర్మానించింది. దాంతో ఎన్నో దేశాల బడుల్లో సైగ చేసిన పిల్లలకు శిక్షలు పడ్డాయి. బధిర ఉపాధ్యాయుల కొలువులు పోయాయి. ఆ తీర్మానాలను తోసిపుచ్చుతున్నామని అలాంటి అంతర్జాతీయ సభే కెనడాలోని వాంకూవర్‌లో ప్రకటించేసరికి 2010 వచ్చింది. నూట ముప్ఫై ఏళ్ళు! ఎన్ని తరాల పిల్లలో లెక్కపెట్టండి.

ఇప్పుడు బ్రిటన్‌లో బధిర పిల్లల తరగతికి పాఠం చెప్పాలంటే మామూలు టీచరు చదువు చాలదు, దానిపైన ప్రత్యేక శిక్షణ కూడా పూర్తి చెయ్యాలి. వినికిడి యంత్రాల సంగతీ, సైగల భాషా, పెదవుల కదలికను బట్టి మాట పోల్చుకోవడమూ తెలిసి ఉండాలి. సంఘంలో బధిర ఉపాధ్యాయులూ ఉన్నారు. మీ టీచరుకు ఎవరు నేర్పారంటే, తనకు తెలిసింది దాచుకోని ఇలాంటివాళ్ళే. వాళ్ళకు నేర్పినవాళ్ళలో క్లెర్క్ లాంటి బధిరులూ ఉన్నారు.

ఇక ఆ ఎడింబరో అమ్మాయి. ఆమె వేళ్ళాడించింది విద్యో ఆటో తెలియలేదన్నాడు కదా జాన్సన్? పలక ఆమె ముందే ఉంది. లెక్క రాసి ఇచ్చినట్టే, ఆ ప్రశ్న కూడా రాసి ఇవ్వాల్సింది.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ