సూపర్‌కెపాసిటర్ ఎలక్ట్రోడ్లు: అపోహలు - వాస్తవాలు

సూపర్‌కెపాసిటర్ అంటే ఛార్జిని వేగంగా నింపుకుని, వేగంగా తిరిగిచ్చే పరికరం.

అపోహ: నికెల్ ఫోమ్ (స్పాంజిలా రంధ్రాలున్న నికెల్ రేకు) ఉత్త ఆధారమే, ఛార్జి అంతా దానిమీద పూసిన మన పదార్థానిదే.

ల్యాబుల్లో బాగా పాతుకుపోయిన నమ్మకం ఇది, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. నికెల్ నైట్రేట్, కోబాల్ట్ నైట్రేట్, యూరియా కలిపిన నీళ్ళలో ఫోమ్ ముక్క వేసి, టెఫ్లాన్ లైనర్ ఉన్న ఆటోక్లేవ్‌లో (గట్టిగా మూసి వేడిచేసే పాత్రలో) 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతాం. ఫోమ్ మీద గులాబీ రంగు పూత వస్తుంది. దాన్ని గాలిలో 350 డిగ్రీల దాకా వేడిచేస్తే నల్లబడి నికెల్ కోబాల్టైట్ అవుతుంది, అదే మన పదార్థం. అయితే ఫోమ్ కూడా నికెలే కదా! పొటాషియం హైడ్రాక్సైడ్‌లో దాని పైపొర హైడ్రాక్సైడ్‌గా మారి, సీవీ గ్రాఫ్‌లో (సైక్లిక్ వోల్టామెట్రీ, అంటే వోల్టేజీ మారుస్తూ కరెంటు కొలిచే పరీక్ష) సొంత పీకులు (కరెంటు శిఖరాలు) ఇస్తుంది. అవి వచ్చేది కూడా మన పదార్థం పీకులు రావాల్సిన చోటే. అందుకే ఖాళీ ఫోమ్ ముక్కను కూడా అదే ఆటోక్లేవ్‌లో, అదే ఫర్నేస్‌లో పెట్టి తీసి, అదే ద్రావణంలో టెస్ట్ చేసి, రెండు గ్రాఫ్‌లూ పక్కపక్కన చూపించాలి. యాసిడ్‌తో కడిగిన కొత్త ఫోమ్‌ను చూపిస్తే చాలదు.

తూకం దగ్గర ఇంకా టెన్షన్. చదరపు సెంటీమీటరు ఫోమే ముప్పై మిల్లీగ్రాముల పైన తూగుతుంది, దానిమీద మన పదార్థం ఒక్క మిల్లీగ్రాము. ఆ 1 మి.గ్రా.ను 0.8 అని తూస్తే, గ్రాముకు 1000 ఫారడ్లు అనాల్సింది 1250 అని రాస్తాం. పదార్థంలో మాత్రం ఏ మార్పూ లేదు.

అపోహ: పీకులు కనిపిస్తే సూడోకెపాసిటరే (ఉపరితలం దగ్గర వేగంగా జరిగే రసాయన చర్యతో ఛార్జి దాచేదే).

కాదు. డిశ్చార్జి గీత మధ్యలో దాదాపు చదునుగా సాగితే అది బ్యాటరీ తరహా పదార్థం. దాని సామర్థ్యం మిల్లీఆంపియర్ అవర్లలో చెప్పాలి, ఫారడ్లలో కాదు. సోడియం సల్ఫేట్‌లో మాంగనీస్ డయాక్సైడ్ సీవీ చూడండి, దాదాపు దీర్ఘచతురస్రంలా ఉంటుంది. సూడోకెపాసిటర్ అంటే అలా ఉండాలి.

అపోహ: కణం ఎంత చిన్నదైతే అంత మంచిది.

అయాన్ చేరుకోలేని ఉపరితలం ఎంత ఉన్నా లాభం లేదు. కణాలు మరీ చిన్నవైతే వాటి మధ్య అతుకులు ఎక్కువై, ఎలక్ట్రాన్‌కు దారి కష్టమవుతుంది.

అపోహ: మూడు ఎలక్ట్రోడ్ల సెల్‌లో (మన ఎలక్ట్రోడ్ ఒక్కదాన్నే విడిగా కొలిచే అమరికలో) వచ్చిన విలువే డివైస్‌లోనూ వస్తుంది.

ఎలక్ట్రోడ్ గ్రాముకు 400 ఫారడ్లు ఇచ్చిందనుకోండి. అలాంటివి రెండు ఎదురెదురుగా పెట్టి సెల్ కడితే కెపాసిటెన్స్ సగమవుతుంది, బరువు రెట్టింపవుతుంది; రెండింటి పదార్థం మొత్తానికి లెక్కేస్తే మిగిలేది 100. ఆపైన కలెక్టర్ (కరెంటు చేరవేసే లోహపు ఆధారం), సెపరేటర్ (ఎలక్ట్రోడ్ల మధ్య పొర), ద్రావణం, కేసు బరువులు కూడా కలపాలి. ఒక్క మిల్లీగ్రాము పూతతో వచ్చిన విలువ మందపాటి ఎలక్ట్రోడ్‌లో నిలవడం అరుదు. మార్కెట్లో దొరికే సెల్‌లలో పూత చదరపు సెంటీమీటరుకు 10 మి.గ్రా. దరిదాపుల్లో ఉంటుంది. మీ పేపర్ టేబుల్‌లో ఫారడ్ల పక్కనే లోడింగ్‌కూ (చదరపు సెంటీమీటరుకు ఎంత పదార్థం ఉందో దానికీ) ఒక కాలమ్ పెట్టండి.