రొట్టె ధరకీ రాజు తలకీ సంబంధమేమిటి?

చిరంజీవి శ్రావ్యకూ, మారతహళ్లిలో ఆ అపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చుని చదువుకునే మిగతా పిల్లలకూ తాతయ్య దీవెనలు.

"రొట్టె ధర పెరిగితే రాజు తల ఎందుకు పోయింది తాతయ్యా? ఇక్కడ టమాటా వంద దాటినా ఎవరూ ఏమీ అనలేదుగా?" అని అడిగావు. మంచి ప్రశ్న. మీ ఫ్రెంచి విప్లవం పాఠంలో కారణాలన్నీ వరసగా ఉంటాయి కానీ, ఒకదానికొకటి ఎలా అంటుకుందో ఉండదు.

మీ అపార్ట్‌మెంటునే తీసుకో. నూరు ఫ్లాట్లు. ఎ బ్లాకులో ఒకటి, బి బ్లాకులో ఒకటి, మిగతా తొంభై ఎనిమిదీ సి బ్లాకులో. ఎ, బి వాళ్లు మెయింటెనెన్స్ దాదాపు కట్టరు, తాతల నాటి నుంచీ అదే రివాజు. పైగా జీతాలూ పెత్తనాలూ వాళ్లవే. ఈలోగా సెక్రటరీ పక్క వీధి గొడవలో తలదూర్చి కొండంత అప్పు చేశాడు. వసూళ్లలో సగం వడ్డీకే పోతోంది. సి బ్లాకు మీద ఇంకా వేద్దామంటే అక్కడ పిండడానికేమీ లేదు. సరే, మీటింగు పెట్టారు. బ్లాకుకో ఓటు అన్నారు. ఎప్పుడు లెక్కపెట్టినా రెండుకి ఒకటి!

ఎ అంటే చర్చి, బి అంటే ప్రభువులు, సి అంటే మిగతా జనమంతా, అదే మూడో వర్గం. సెక్రటరీ అంటే ఫ్రాన్సు రాజు పదహారో లూయీ. పక్క వీధి గొడవ అమెరికా స్వాతంత్ర్య యుద్ధం. ఆ అప్పు సెగ మన దాకా వచ్చింది తెలుసా? 1788లో టిప్పు సుల్తాను పంపిన ముగ్గురు రాయబారులు పారిస్ దగ్గర రాజభవనం ఉన్న వెర్సాయ్ వెళ్లి, ఇంగ్లీషువాళ్ల మీదికి సైన్యం పంపమని లూయీని అడిగారు. మర్యాదలు ఘనంగా జరిగాయి, సైన్యం మాత్రం రాలేదు. ఆ ఆగస్టులోనే ఫ్రెంచి ఖజానా చెల్లింపులు ఆపేసింది.

ఇక రొట్టె. 1788 జులైలో వడగళ్లు పడి కోతకొచ్చిన గోధుమ నేలపాలైంది. ఆ చలికాలం నదులు గడ్డకట్టి నీటిమరలు ఆగిపోయాయి, అంటే ఉన్న గింజలూ పిండి కాలేదు. పారిస్‌లో దాదాపు రెండు కిలోల రొట్టె ఎనిమిది తొమ్మిది సూల (అప్పటి ఫ్రెంచి చిల్లర నాణేలు) నుంచి పద్నాలుగున్నరకి ఎక్కింది. కూలివాడికి రోజుకి వచ్చేది ఇరవై నుంచి ముప్పై సూలు. పిల్లలున్న ఇంటికి ఒక రొట్టె ఏం సరిపోతుంది? రెండు కొంటే కూలంతా ఐపోయింది. టమాటా లేకపోతే చింతపండు పులుసు పెట్టుకుంటాం, వాళ్లకి రొట్టే అన్నం. కూలంతా రొట్టెకే పోతే బట్ట కొనేదెవరు? నేతగాళ్లకి పని పోయింది. ధర పెరిగిన నెలల్లోనే సంపాదన పడిపోయింది. అసలు దెబ్బ అక్కడ.

1614 తర్వాత మొదటిసారిగా 1789 మే 5న మూడు వర్గాల సభ కూర్చుంది. ఓటు మనిషికా, వర్గానికా అన్న తగవు తెగక, జూన్ 17న మూడో వర్గం తామే జాతీయ సభ అని ప్రకటించుకుంది. రాజు పారిస్ చుట్టూ సైన్యాన్ని దించాడు. జులై 14 పొద్దున జనం సైనికుల ఆసుపత్రి ఇన్వలీద్‌లో వేల తుపాకులు ఎత్తుకున్నారు. తుపాకులున్నాయి, వాటిలో కూరే మందు లేదు. మందు పీపాలు జైలుగా వాడే బాస్తీయ్ కోటలో ఉన్నాయి. అందుకే అక్కడికి వెళ్లారు గానీ ఖైదీల కోసం కాదు. ఖైదీలు ఏడుగురే. అక్టోబరు 5న బజారు ఆడవాళ్లు వేలమంది వానలో ఇరవై కిలోమీటర్లు నడిచి వెర్సాయ్ వెళ్లి, మర్నాడు రాజు కుటుంబాన్ని పారిస్‌కి తెచ్చేశారు.

ఇక్కడితో నా అపార్ట్‌మెంటు పోలిక చాలించాలి. సెక్రటరీ రాజీనామా చేసి ఇంట్లో కూర్చుంటాడు, రాజు అలా కూర్చోలేడు. 1791 జూన్‌లో మారువేషంలో పారిపోతూ వారెన్‌లో దొరికిపోయాడు. ఆ తర్వాత అతన్ని నమ్మినవాళ్లు తక్కువ. మరుసటేడు యుద్ధం, సెప్టెంబరులో రాచరికం రద్దు, 1793 జనవరి 21న గిలటిన్ అనే యంత్రం కింద రాజు తల పోయింది. రొట్టె మాత్రం చవకవలేదు. ధరకి గరిష్ఠ పరిమితి పెడితే రైతులూ వర్తకులూ గింజలు దాచేశారు, దాచినవాళ్లనీ అనుమానమొచ్చినవాళ్లనీ జైల్లో వేశారు. తీర్పు మీద ప్రాణాలు పోయినవాళ్లే సుమారు పదిహేడు వేలమంది. రాజును దించిన పన్నెండేళ్లకి నెపోలియన్ చక్రవర్తి అయి కూర్చున్నాడు. నాకైతే ఇది కడుపులో దేవినట్టుంటుంది, మీకు దాచి చెప్పను.

మరి మిగిలిందేమిటి? 1789 ఆగస్టు 4 రాత్రి ప్రభువుల ప్రత్యేక హక్కులు రద్దు చేస్తామన్నారు, ఆ నెలాఖరుకి మనిషి హక్కుల ప్రకటన వచ్చింది. పుట్టుకతో వచ్చే మినహాయింపు మళ్లీ పాత రూపంలో నిలబడలేదు. ఇంకోటి మీ వంటింట్లోనే ఉంది. ఆ రోజుల్లో ఫ్రాన్సులో ఊరికో కొలత, మన దగ్గర కుంచం ఊరికో తీరుగా ఉన్నట్టు. దొర శిస్తు గింజలు కొలుచుకునే పాత్ర పెద్దది, పైగా గుట్టగా పోయించుకునేవాడు. సభకి ముందు ఊరూరా రాసి పంపిన ఫిర్యాదుల్లో, దేశమంతా ఒకే తూకం పెట్టమని అడిగారు. 1795లో చట్టం చేశారు: ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతు మీటరు, ఘన సెంటీమీటరు నీటి బరువు గ్రాము. ఏ దొర పాత్రతోనూ పని లేదు, భూమీ నీళ్లూ చాలు.

ఆదివారం అమ్మనడిగి వంటింటి తూకం తియ్యండి. ఖాళీ గిన్నె పెట్టి సున్నా నొక్కండి. లీటరు నీళ్లు జాగ్రత్తగా కొలిచి పొయ్యండి. అంకె ఎంత చూపించిందో నాకు రాయండి.